పదమూడో రోజు తర్వాత

పరామర్శలు ముగిశాక ఇంట్లో మిగిలే తోడు ఒక్కోసారి పిల్లి. అది కూడా పోయినప్పుడు కలిగే దుఃఖం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు

రైల్వే ఊళ్ళో చావుకు కూడా ఒక పద్ధతి ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఆఫీసులో ఫైలు కదులుతుంది. కుటుంబ పింఛను, పీఎఫ్, గ్రాట్యుటీ, కారుణ్య నియామకానికి దరఖాస్తు, కొంతకాలం క్వార్టర్ ఉంచుకునే వెసులుబాటు.. ఒక్కో దానికీ ఒక్కో ఫారం. ఇంట్లో జరిగే కర్మకాండకూ అలాంటి క్రమమే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇరుగుపొరుగు వాళ్ళు దశగాత్రం, తేరహ్వీ అంటారు. తెలుగువాళ్ళు పెద్దకర్మ అంటారు. పేరేదైనా పదమూడో రోజు దాటేసరికి షామియానా విప్పేస్తారు. అద్దె కుర్చీలు వెళ్ళిపోతాయి. చుట్టాలు రైలెక్కుతారు. పద్నాలుగో రోజు పొద్దున్న ఆ ఇంట్లో నిద్ర లేచే మనిషి కోసం మాత్రం ఏ ఫారమూ లేదు, ఏ మంత్రమూ లేదు.

ఆ పొద్దున్న కూడా వంటింటి గుమ్మం దగ్గర ఠంచనుగా వచ్చి కూర్చునే ప్రాణి ఒకటి ఉంటుంది. దానికి పాలు కావాలి. అంతకుముందు రోజు ఇంట్లో ఏం జరిగిందన్నది దానికి అనవసరం. లేదా అనవసరమన్నట్టు కనిపిస్తుంది. తోడు పోగొట్టుకున్న మనుషుల జీవితాల్లో పిల్లి పోషించే పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

బిలాస్‌పూర్ లాంటి ఊళ్ళో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువు ఉంది. అందుకు కారణం చరిత్రలో ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వరకూ లైను పూర్తి చేసింది. దారిలోని బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు కోస్తా లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనానికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఉద్యోగాల ఊళ్ళయ్యాయి. గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా వెళ్ళినవాళ్ళు అక్కడే పిల్లల్ని కన్నారు. వాళ్ళు ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగారు. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే.. బోర్డుల మీద పేర్లు మారాయి, కుటుంబాలు మాత్రం ఉండిపోయాయి. రిటైరయ్యాక సొంతూరికి వెళ్ళిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఊరి చుట్టుపక్కల చిన్న ఇళ్ళు కట్టుకున్నారు. అర్పా నది దాటాక రతన్‌పూర్ దారిలో వచ్చే కోని అలాంటి శివారే. 1983లో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం వచ్చాక అది చదువుల ఊరు కూడా అయింది.

ఇలాంటి చోట మనిషి పోతే ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఎంతమంది మిగులుతారు? పుట్టిన ఊళ్ళో అయితే వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. రచ్చబండ దగ్గర ఆయన పేరు పదేళ్ళయినా వినిపిస్తుంది. రైల్వే కాలనీలో పక్క క్వార్టర్‌వాళ్ళు మూడేళ్ళకోసారి మారిపోతారు. పిల్లలు రాయ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. సొంతూరిలో దాయాదులు ఉన్నా, వాళ్ళు ఎరిగింది పెళ్ళిళ్ళకు వచ్చివెళ్ళే మనిషిని మాత్రమే. ఆయన రోజూ ఎలా నడిచేవాడో, డ్యూటీ దిగి వచ్చి ఏ కుర్చీలో కూలబడేవాడో ఎరిగినవాళ్ళు భార్య ఒక్కతే. మరొకరు కూడా ఉన్నారు, పిల్లి.

పోయినవాళ్ళను తనతోపాటు ఎరిగిన మరో ప్రాణి కోసం మనిషి వెతుక్కుంటాడన్న సంగతి బిలాస్‌పూర్‌కు సాహిత్యంలో కూడా చోటు కల్పించింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918 నాటి 'పలాతకా' సంపుటిలోని 'ఫాంకి' అనే కథాకవితలో జబ్బుపడిన భార్యను గాలి మార్పుకు తీసుకెళుతున్న భర్త బిలాస్‌పూర్ స్టేషన్‌లో రైలు మారతాడు. అక్కడ రుక్మిణి అనే కూలీ భార్యకు, ఆమె కూతురి పెళ్ళి కోసం 25 రూపాయలు ఇవ్వమని భార్య అడుగుతుంది. అతను రెండు రూపాయలతో సరిపెట్టి, అడిగినంతా ఇచ్చేశానని అబద్ధం చెబుతాడు. రెండు నెలలకు భార్య చనిపోతుంది. బాకీ తీర్చుకుందామని తిరిగి బిలాస్‌పూర్‌లో దిగితే రుక్మిణి ఎవరో స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. ఆ కవితను స్టేషన్‌లో ఫలకం మీద ఇప్పటికీ చూడొచ్చు. రైళ్ళ హడావుడిలో ఆగి చదివితే అందులోని అసలు బాధ బోధపడుతుంది. అతనికి రుక్మిణి కావలసింది డబ్బిచ్చేందుకు మాత్రమే కాదు. భార్య బతికిన ఆ చివరి రోజుల్లో కాస్త పాలు పంచుకున్న మనిషి ఆమె.

చాలా ఇళ్ళలో ఆ మూడో ప్రాణి పిల్లే. ఆదివారం చేపల ముక్క తన కంచంలోంచి తీసి పెట్టింది ఆయనే. దానికి పేరు పెట్టింది కూడా ఆయనే కావచ్చు. షిఫ్టు ముగిసే వేళకు అది గేటు దగ్గరికి వెళ్ళి కూర్చునేది. ఆయన పోయిన తర్వాత కూడా అదే వేళకు వెళ్ళి కూర్చుంటే, కిటికీలోంచి చూస్తున్న ఆవిడకు ఆ దృశ్యం గుండెకోతా అవుతుంది, ఓదార్పూ అవుతుంది. ఎదురుచూస్తున్నది తనొక్కతే కాదని తెలుస్తుంది.

అయితే అది నిజంగా ఎదురుచూపా, ఒట్టి అలవాటా? పిల్లి మనసులో ఏముందో చెప్పడం కష్టమే కానీ శాస్త్రవేత్తలు గత రెండు దశాబ్దాల్లో కొంత దూరం వచ్చారు. యజమాని గొంతును అపరిచితుల గొంతుల నుంచి పిల్లులు వేరుచేసి గుర్తిస్తాయని జపాన్ పరిశోధకురాలు అత్సుకో సైతో బృందం 2013లో తేల్చింది. గుర్తుపడతాయి, చెవులు తిప్పుతాయి, కానీ లేచి రావు. పిల్లిని పెంచినవాళ్ళెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు. తమ పేరును మామూలు మాటల నుంచి వేరుచేసి వినగలవని అదే పరిశోధకురాలి బృందం 2019లో ప్రకటించింది. అదే ఏడాది అమెరికాలోని ఓరెగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టిన్ విటాలే బృందం పిల్లి కూనల్ని కొత్త గదిలో రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి, తర్వాత యజమానిని లోపలికి పంపి చూసింది. యజమాని రాగానే దాదాపు 64 శాతం కూనలు కుదుటపడి, మళ్ళీ గదిని చూడడంలో పడ్డాయి. పసిపిల్లలకు తల్లి పట్ల ఉండే భరోసా లాంటిదే ఇది.

దుఃఖం మాటకొస్తే 2024లో మిషిగన్‌లోని ఓక్లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 412 మంది పిల్లుల పెంపకందారుల్ని ప్రశ్నించారు. ఇంట్లో ఉన్న మరో పిల్లో కుక్కో చనిపోయాక బతికి ఉన్న పిల్లులు తక్కువ తిన్నాయని, తక్కువ ఆడాయని, మనుషుల దగ్గరికి ఎక్కువగా చేరాయని వాళ్ళు చెప్పారు. చనిపోయిన జంతువుతో ఎక్కువ కాలం గడిపిన పిల్లుల్లో మార్పు మరింతగా కనిపించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇది యజమానులు చెప్పిన మాటల మీద ఆధారపడిన అధ్యయనం. తమ దుఃఖాన్నే వాళ్ళు పిల్లిలో చూసి ఉండవచ్చని పరిశోధకులే ఒప్పుకున్నారు. అదీగాక అందులో చనిపోయినవి జంతువులు, మనుషులు కారు. కాబట్టి గేటు దగ్గర కూర్చున్న పిల్లి ఏడుస్తోందని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఒక మనిషి లేని తేడా దానికి తెలుస్తోందని మాత్రం చెప్పవచ్చు. దుఃఖంలో ఉన్న మనిషికి చాలాసార్లు ఆ మాత్రం చాలు.

చావు ముంగిట పిల్లి ఏం చేయగలదో లోకానికి చాటిన సంఘటన 2007లో వెలుగులోకి వచ్చింది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్ నగరంలోని స్టీర్ హౌస్ అనే సంరక్షణాలయంలో మతిమరుపు వ్యాధి ముదిరినవాళ్ళ వార్డులో ఆస్కార్ అనే పిల్లి ఉండేది. మామూలుగా ఎవరినీ పెద్దగా దగ్గరకు రానివ్వని ఆ పిల్లి, చివరి ఘడియల్లో ఉన్న రోగి మంచం ఎక్కి పక్కనే పడుకునేది. ప్రాణం పోయేదాకా కదిలేది కాదు. అప్పటికే 25 మందికి పైగా రోగుల విషయంలో అలా జరిగిందని డాక్టర్ డేవిడ్ డోసా ఆ ఏడాది జూలైలో ప్రఖ్యాత వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. శరీరంలో మారే వాసనల్ని పసిగట్టి ఉంటుందన్నది ఒక ఊహ. పక్క మీది వెచ్చదనం కోసం చేరిందన్నది మరో ఊహ. కారణమేదైనా, అయినవాళ్ళు ఎవరూ రాలేకపోయిన రోగులకు ఆఖరి నిమిషంలో పక్కన ఉన్న ప్రాణి అదే. 2022లో ఆస్కార్ చనిపోయినప్పుడు వార్తాపత్రికలు నివాళి రాశాయి.

మన భాషలో పిల్లికి ఇంత మర్యాద దొరకదు. పాలు తాగేటప్పుడు కళ్ళు మూసుకునే దొంగ అది. ఎదురొస్తే అపశకునం. పిసినారిని వర్ణించాలన్నా పిల్లికి బిచ్చం పెట్టనివాడంటారు. పూటకో పార్టీ మార్చే నాయకుడు గోడ మీది పిల్లి. ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన ఘనత కుక్కకు దక్కింది. మహాభారతమే పిల్లిని దొంగ తపస్విగా చూపించింది. అయితే బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళకు పొరుగువాళ్ళయిన బెంగాలీల ఇళ్ళలో లెక్క వేరు. పిల్లల్ని కాపాడే షష్ఠీదేవి వాహనం వాళ్ళకు పిల్లి. దొంగచాటుగా తిని నింద పిల్లి మీదికి నెట్టిన చిన్న కోడలు, వరసగా బిడ్డల్ని పోగొట్టుకుని, చివరికి ఆ పిల్లినీ దేవతనూ ప్రసన్నం చేసుకుని బిడ్డల్ని తిరిగి పొందడం వాళ్ళ వ్రతకథ. ఛత్తీస్‌గఢ్ తల్లులు కూడా కమర్‌ఛఠ్ పేరుతో షష్ఠి నాడే బిడ్డల ఆయుష్షు కోసం ఉపవాసముంటారు. బిడ్డల చావుబతుకుల మధ్య పిల్లిని నిలబెట్టిన ఆ కథ, సామెతలకు తెలియని సంగతేదో పట్టుకుంది.

ఏమిటా సంగతి? పిల్లి ఓదార్చదు. దాని గొప్పతనమంతా అందులోనే ఉంది. పరామర్శకు వచ్చిన మనిషి ఏదో ఒకటి అనాలి. 'ఆయన అదృష్టవంతుడు, బాధపడకుండా పోయాడు' అంటారు. 'పిల్లల కోసమైనా గుండె దిటవు చేసుకోవాలి' అంటారు. నెల తిరిగేసరికి ఆయన పేరెత్తితే ఆవిడ ఏడుస్తుందేమోనని పేరెత్తడమే మానేస్తారు. పిల్లికి ఈ ఇబ్బందులేవీ లేవు. దానికి ఆకలి వేస్తుంది. తలుపు తీయమంటుంది, తీశాక బయటికి పోదు. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోకుండా అందరూ జాగ్రత్తపడుతుంటే అది మాత్రం అందులోనే ముడుచుకుని పడుకుంటుంది. మనుషులు గుడిలా చూస్తున్న వస్తువును అది మళ్ళీ కుర్చీగా మారుస్తుంది.

దుఃఖంపై పరిశోధించిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీన్ని వివరించడానికి పనికొస్తుంది. తోడు పోయిన మనిషి ఒక పక్క పోయినవాళ్ళ వైపు, మరో పక్క మిగిలిన బతుకు వైపు లోలకంలా ఊగుతూ ఉంటారని, ఆ ఊగడమే ఆరోగ్యమని వాళ్ళన్నారు. ఎప్పుడూ ఏడుస్తూ కూర్చున్నా, ఎప్పుడూ పనిలో మునిగి తప్పించుకున్నా చిక్కే. పిల్లి రెండు వైపులా లాగుతుంది. పొద్దున్న ఆరింటికి పాల కోసం కాళ్ళు రాసుకుంటూ బతుకు వైపు లాగుతుంది. సాయంత్రం గేటు దగ్గర కూర్చుని జ్ఞాపకాల వైపు లాగుతుంది. ఇది ఏ చుట్టమూ చేయలేని పని.

2021 వేసవిలో ఈ పని విలువ ఎక్కువమందికి తెలిసింది. కొవిడ్ రెండో విడతలో ఛత్తీస్‌గఢ్ అల్లాడిపోయింది. ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ సహా అనేక జిల్లాలు లాక్‌డౌన్‌లో ఉన్నాయి. దేశమంతటా ఎన్నో ఇళ్ళలో పదమూడు రోజులూ లేవు, పరామర్శలూ లేవు. శవాన్ని కూడా సరిగా చూడనివ్వలేదు. చుట్టాలు ఫోన్‌లో ఏడ్చారు. ముట్టుకోవడానికి మనిషి దొరకని ఆ రోజుల్లో ఇంట్లో పిల్లో కుక్కో ఉన్నవాళ్ళకు ఒడిలో వెచ్చగా కూర్చునే ప్రాణి ఒకటి మిగిలింది. అంతకు ఏడాది ముందు, 2020 ఏప్రిల్ 6న కేరళ హైకోర్టు ఒక చిన్న కేసులో పెద్ద మాట చెప్పింది. తన మూడు పిల్లుల కోసం బిస్కెట్లు కొనడానికి వెళతానంటే పోలీసులు పాస్ ఇవ్వలేదని కొచ్చి వాసి ఒకరు కోర్టుకెక్కారు. ఇంట్లో మాంసాహారం వండరు కాబట్టి ఆ బిస్కెట్లే దిక్కన్నది ఆయన వాదన. కోర్టు నవ్వి కొట్టివేయలేదు. జంతువుల సంక్షేమాన్ని, పౌరుడి జీవించే హక్కును కలిపి చూసి ఆయన్ను వెళ్ళనిమ్మంది.

రాజ్యం ఈ బంధాన్ని గుర్తించక తప్పని సందర్భాలు అంతకు ముందూ ఉన్నాయి. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లో చాలామంది పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక మునుగుతున్న ఇళ్ళలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాదే అమెరికా చట్టం చేసింది. కేంద్ర నిధులు కోరే స్థానిక ప్రభుత్వాలు తమ విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల తరలింపునూ చేర్చాలన్నది దాని సారం. 2022లో ఉక్రెయిన్ నుంచి విద్యార్థుల్ని తరలించేటప్పుడు వాళ్ళ పిల్లుల్ని, కుక్కల్ని తెచ్చుకునేందుకు భారత ప్రభుత్వం నిబంధనలు ఒకసారికి సడలించింది. అదే యుద్ధంలో తణుకుకు చెందిన వైద్యుడు గిరికుమార్ పాటిల్ తన జాగ్వార్‌ను, నల్లచిరుతను వదిలి రానని నేలమాళిగలో ఉండిపోయి అంతర్జాతీయ వార్తల్లోకెక్కారు. అవి పిల్లి జాతే అయినా ఇంటి పిల్లులు కావు, అలాంటి జంతువుల్ని ఇళ్ళలో పెంచవచ్చా అన్నది వేరే చర్చ. కానీ బాంబులు పడుతున్నప్పుడు కూడా మనిషి దేన్ని వదులుకోలేడన్న ప్రశ్నకు అదొక సమాధానం.

తుపాన్లు, యుద్ధాలు అక్కర్లేదు. రైల్వే ఊళ్ళో ఇల్లు ఖాళీ చేయడం చాలు. తండ్రి పోయాక తల్లిని ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక కొడుకు తన ఫ్లాట్‌కు తీసుకెళతాడు. ప్రేమతోనే తీసుకెళతాడు. బీరువా, పూజ సామాను, కుక్కర్ లారీ ఎక్కుతాయి. 'పిల్లేం చేస్తుందమ్మా, పక్కింటివాళ్ళు చూసుకుంటారు' అంటాడు. తల్లి తలూపుతుంది. పిల్లి కోసం పట్టుబడితే కోడలు ఏమనుకుంటుందో, ఈ వయసులో ఇదేం చాదస్తమంటారేమోనని ఆవిడ భయం. ఆవిడ వదిలి వెళ్ళేది పిల్లిని మాత్రమే కాదన్న సంగతి కొడుక్కు తట్టదు. భర్తను తనలాగే రోజూ చూసిన చివరి సాక్షిని ఆవిడ గేటు దగ్గర వదిలి రైలెక్కుతుంది. నాలుగో అంతస్తులో కూర్చుని అమ్మ ఎందుకు ఎవరితోనూ మాట్లాడడం లేదో ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. పిల్లి మనిషికి కాక ఇంటికి అలవాటుపడుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ గంప మీద గుడ్డ కప్పి తెచ్చి, కొన్నాళ్ళు ఒక గదిలోనే ఉంచి, పాత దుప్పటి పరిస్తే చాలా పిల్లులు కొత్త ఇంటికీ అలవాటుపడతాయి. మనుషులకే ఎక్కువ కాలం పడుతుంది.

ఇక పిల్లే పోతే? అమెరికా పరిశోధకుడు కెనెత్ డోకా 1989లో సమాజం గుర్తించని దుఃఖాల గురించి ఒక పుస్తకం వెలువరించారు. ఏడవడానికి హక్కు లేని ఏడుపులు అవి. చాటుమాటు సంబంధంలో ఉన్న మనిషి చావు, పుట్టకుండానే పోయిన బిడ్డ, పెంపుడు జంతువు మరణం.. వీటికి సెలవు దొరకదు, పరామర్శ ఉండదు. 1994లో బ్రిటన్‌లో జాన్ ఆర్చర్, గిలియన్ వించెస్టర్ పెంపుడు జంతువుల్ని పోగొట్టుకున్న 88 మందిని అధ్యయనం చేస్తే, ఆ దుఃఖం మనుషుల కోసం పడే దుఃఖాన్నే పోలి ఉందని తేలింది. ఒంటరిగా ఉండేవాళ్ళలో అది మరింత తీవ్రంగా కనిపించింది. భర్త పోయినప్పుడు నిబ్బరంగా ఉన్న మనిషి ఆరేళ్ళ తర్వాత పిల్లి పోతే కుప్పకూలడం చూసి నవ్వేవాళ్ళుంటారు. 'మొగుడు పోతే ఏడవలేదు కానీ..' అని దీర్ఘం తీస్తారు. నిజానికి ఆవిడ ఏడుస్తున్నది ఒక్క పిల్లి కోసం కాదు. ఆరేళ్ళుగా కుర్చీలో ఆ పిల్లి కాపలా కాస్తున్న మనిషి ఆ రోజు రెండోసారి పోయాడు.

పాతకాలపు మనుషులు ఈ విషయంలో ఇంత మొహమాటపడలేదు. సైప్రస్‌లోని షిల్లూరోకాంబోస్‌లో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి అస్థిపంజరానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది నెలల పిల్లి ఉంది. ఈజిప్టులో ఇంటి పిల్లి చనిపోతే ఇంట్లో అందరూ కనుబొమలు గీయించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కనుబొమలు లేని మొహం చూస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ నవ్వరు.

తెలుగువారికి దగ్గర ఉదాహరణ అరుణాచలంలో ఉంది. రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవు 1948 జూన్ 18న చనిపోయినప్పుడు రమణ మహర్షి దాని పక్కన కూర్చుని తల మీద చేయి ఉంచారు. తర్వాత ఆశ్రమంలోనే దానికి సమాధి కట్టారు. దాని పక్కనే ఒక లేడికి, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు కూడా సమాధులున్నాయి. లక్ష్మి చివరి ఘడియల గురించి తెలుగులో రాసిపెట్టినావిడ సూరి నాగమ్మ. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, ఆ శూన్యంతోనే 1941లో ఆశ్రమానికి చేరిన మనిషి. 'శ్రీ రమణాశ్రమ లేఖలు'లో ఒక ఆవు మరణాన్ని ఆమె చిన్న సంగతిగా తీసిపారేయలేదు.

నగరాల్లో పరిస్థితి మెల్లగా మారుతోంది. హైదరాబాద్ ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకు దహనవాటిక ఉంది. ముంబైలోని మలాడ్‌లో 2023లో, ఢిల్లీలోని ద్వారకలో 2024లో అలాంటివి వచ్చాయి. చిన్న ఊళ్ళలో ఇంటి వెనక జామచెట్టు కింద గుంత తవ్వడమే అలవాటు. దాంట్లో తక్కువేమీ లేదు. కావలసిందల్లా ఆ గుంత తవ్వేటప్పుడు ఆవిడ పక్కన ఒక మనిషి నిలబడడం.

అయితే పిల్లిని మందుగా చూపించడం కూడా తప్పే. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పిల్లికూనను కానుకగా తెచ్చి ఒళ్ళో పెట్టడం ఒక్కోసారి అదనపు భారమే అవుతుంది. దానికి రేబీస్ టీకా వేయించాలి, పిల్లల్ని పెట్టకుండా ఆపరేషన్ చేయించాలి. డబ్బూ ఓపికా కావాలి. అన్ని దుఃఖాలూ పిల్లితో తీరవు. ఏడాది దాటినా మనిషి లేచి తిరగలేకపోతుంటే, బతకడం దండగనిపిస్తుంటే అది ఇక వైద్యులు చూడవలసిన స్థితి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. మన దేశంలో అదే ఏడాది అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

పింఛను ఫారాల్లో పిల్లికి గడి ఎప్పటికీ ఉండకపోవచ్చు, ఉండనవసరమూ లేదు. కానీ క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు వేసుకోవలసిన ప్రశ్నల్లో ఒకటి అదనంగా చేర్చుకోవచ్చు. గ్యాస్ కనెక్షన్ మార్పించారా, బ్యాంకు ఖాతా బదిలీ చేశారా అని అడిగే నోటితోనే 'పిల్లిని ఎలా తీసుకెళదామమ్మా?' అని అడగవచ్చు. తీసుకెళదామా వద్దా అని కాదు, ఎలా తీసుకెళదామని. ఆ ఒక్క మాటతో, ఆయన గురించి ఇంకా మాట్లాడవచ్చని ఆవిడకు అర్థమవుతుంది.